సాక్ష్యం చెప్పడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: మన కథ, మన ఇంటి మాటల్లో

పోయిన పాఠంలో ఇచ్చిన పని ఒక్కటే. రోజూ కలిసే ఐదుగురి పేర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి, వారం రోజులు వాళ్లకు ఏమీ చెప్పకుండా వాళ్లు చెప్పేది వినండి, విన్నదాంట్లో ఒక్కో మాట ఆ పేరు పక్కన రాయండి అన్నాను. ఆ పేజీ తీసి ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు ఇక్కడే ఆగి, ఆ వారం పూర్తి చేసి రండి. ఎదుటి మనిషి బతుకు తెలియకుండా చెప్పిన సాక్ష్యం ఆ మనిషి చెవి దాకా పోదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈ పాఠంలో నేర్చుకునేది మూడు నిమిషాల్లో మన కథ, అంటే యేసుప్రభు మన బతుకును ఎట్లా మార్చాడో చెప్పడం. కాజీపేట స్టేషన్‌లో బండి కోసం నిలబడ్డప్పుడు పక్కనున్న మనిషి "నువ్వు మునుపటిలెక్క లేవేందన్నా?" అని అడిగితే మనకు దొరికేది అంత సమయమే. బండి వచ్చేలోపు చెప్పగలగాలి, ఆ మనిషికి అర్థం కావాలి. ఈ రెండో పనే కష్టం. నాకు అది అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది.

హనుమకొండలో మేం కిరాయికి ఉన్న ఇంటి పక్కన ఒక పెద్దమ్మ ఉండేది. నేను కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన రోజులు. ఒకరోజు సాయంత్రం ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చొని, "నేను రక్షణ పొందిన పెద్దమ్మా. ప్రభువు నన్ను దర్శించి తన ఆత్మతోని నింపిండు" అన్నాను. మా మందిరంలో, అంటే చర్చిలో, అందరూ చెప్పే మాటలే అవి. ఆమె చాట పక్కన పెట్టి నా మొఖంలోకి చూసింది. "ఆత్మ వట్టిందా కొడుకా? ఎప్పటిసంది?" అంది. వాళ్ల తల్లిగారి ఊర్లో దారం కట్టే ఆయన ఉన్నాడట. ఐతారం నాడు తీసుకపోతానంది. బస్సు కిరాయి కూడా తనే పెట్టుకుంటానంది.

ఆమె నిజంగా భయపడ్డది. నా మీద ప్రేమతోనే భయపడ్డది. ఆమె ఎరిగిన భాషలో ఆత్మ అంటే చచ్చిపోయినవాళ్లు తిరిగి వచ్చి పీడించడం. నేను సంతోషంగా చెప్పిన మాట ఆమె చెవిలో పడేసరికి రోగమైపోయింది. తప్పు ఆమెది కాదు. నా కథను ఆమె భాషలోకి తెచ్చే కష్టం నేను పడలేదు.

మనం మందిరంలో వాడే మాటలను ఒక్కొక్కటే బయటి చెవితో విని చూడండి. "రక్షణ" అంటే బయట పోలీసులో, సైన్యమో గుర్తుకొస్తారు. "నేను పాపిని" అంటే మనవాళ్లు వెంటనే "అట్లనకు బిడ్డా, నువ్వేం పాపం జేసినవ్" అని ఓదారుస్తారు. మన భాషలో "అయ్యో పాపం" అనేది జాలి మాట కదా. "మా సంఘానికి రా అక్కా" అంటే ఆ అక్కకు పొదుపు సంఘం, నెల కిస్తీ గుర్తుకొస్తాయి. మన ఉమ్మడి వరంగల్, నల్లగొండ ఊర్లలో బాగా పెద్దవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లకు సంఘమంటే నిజాం కాలంలో దొరల వెట్టి మీద లేచిన సంఘం. ఆంధ్ర మహాసభను ఊర్లలో అట్లనే పిలిచేవాళ్లు. ఇక "సాక్ష్యం" అనే మాటే కోర్టు మెట్లు గుర్తుకు తెస్తుంది. ఈ పాఠాల పేరులో నేను ఆ మాట వాడుతున్నది మన మధ్య కాబట్టే. చెప్పేటప్పుడు ఆ మాట అవసరమే లేదు.

గ్రాంథికాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. బైబిల్‌లోని 23వ కీర్తన నాకు ఇప్పటికీ ఆ పాత తెలుగులోనే నోటికి వస్తుంది, దుఃఖంలో ఉన్నప్పుడు ఆ మాటలే నన్ను పట్టుకుంటాయి. అది నేను దేవునితో మాట్లాడే భాష. పక్కింటి పెద్దమ్మతో మాట్లాడే భాష వేరు.

మరి "పాపి" అనకుండా ఎట్లా చెప్పాలి? చేసిన పని చెప్పాలి. నా కథ నేను ఇప్పుడు ఎట్లా చెప్తున్నానో కింద రాస్తున్నాను, నోటితో చెప్పినట్టే.

"మాది పరకాల దిక్కు ఊరు. నాకు మా తమ్మునికి బాయికాడ రెండు గుంటల మీద పంచాది వడ్డది. నిజం జెప్పాలంటే ఆ రెండు గుంటలు వానియే. గట్టు జరిపింది నేనే. ఆరేండ్లు మాటల్లేవు. మా బాపు సచ్చిపోతే గూడ ఇద్దరం ఒక్కకాడ కూసోలే. రాత్రిపూట నాకు నిద్ర రాకపోతుండె. ఒకనాడు మా ఇంటామె పోరువెడితే ప్రార్థనకు పోయిన. యేసుప్రభు చెప్పిన మాట ఒకటి చదివిండ్రు. నీ సోదరునికి నీ మీద ఏదన్న ఉంటే కానుక ఆడనే ఇడిసిపెట్టి, ముందుగాల పోయి వానితోని కలువు అని. నా కోసమే చదివినట్టు అనిపిచ్చింది. రెండు రోజులు తప్పిచ్చుక తిరిగిన. మూడోనాడు బస్సెక్కి పోయి తమ్ముని ఇంటి ముంగట అరుగు మీద కూసున్న. 'గట్టు నేనే జరిపిన, నీది నువ్వు తీసుకో' అన్న. వాడేం మాట్లాడలే. చాయ్ మాత్రం పోపిచ్చిండు. ఆ రాత్రి నిద్రవట్టింది. మా మరదలు ఇప్పటికీ నాతోని సక్కగ మాట్లాడది. కని గట్టు ఉండాల్సిన కాడ ఉన్నది. నా అంతట నేనైతే ఆ బస్సెక్కకపోదును. యేసుప్రభు నన్ను తోలుకపోయిండు. నా తప్పు శిక్ష ఆయన మీదేసుకున్నడని నేను నమ్ముత."

గడియారం పెట్టి చదివితే ఇది రెండు నిమిషాలు కూడా దాటదు. ఇందులో పాపం అనే మాట లేదు, గట్టు జరపడం ఉంది. సమాధానం (మందిరం భాషలో మనశ్శాంతి) అనే మాట లేదు, నిద్రపట్టడం ఉంది. మా మరదలి సంగతి ఎందుకు చెప్పావని మందిరంలో ఒకాయన అడిగాడు, అది తీసేస్తే కథ ఇంకా బాగుంటుందన్నాడు. తీయను. అది జరిగింది కాబట్టి ఉండాలి. అన్నీ చక్కబడ్డాయని చెప్పే సాక్ష్యాన్ని ఇంట్లో ఇబ్బందులున్న మనిషి నమ్మడు, నమ్మినా "నాకెందుకు కాలేదు" అని కుంగిపోతాడు. చివరి రెండు మాటలు మాత్రం నేను చాలాకాలం చెప్పకుండా దాటేశాను, వినేవాళ్లు ఏమనుకుంటారో అని. అవి లేకపోతే వినేవాళ్లకు మిగిలేది నా మంచితనమే. నేను మంచివాణ్ని అని చెప్పుకోవడానికి ఎవరి మూడు నిమిషాలూ తీసుకునే హక్కు నాకు లేదు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో యేసు వల్ల చూపు వచ్చిన గుడ్డివాడిని పరిసయ్యులు అనే యూదుల మతపెద్దలు పట్టుకొని, యేసు పాపి అని ఒప్పుకోమంటారు. ఆయన పాపో కాదో నాకు తెలియదు, నాకు తెలిసింది ఒక్కటే, గుడ్డివాడిగా ఉన్నాను, ఇప్పుడు చూస్తున్నాను అంటాడు. తెలియనిది తెలియదన్నాడు. తెలిసినదాని నుంచి మాత్రం అంగుళం కూడా జరగలేదు. అప్పటికి ఆ మనిషికి యేసు ఎవరో పూర్తిగా తెలియదు, ఆ సంగతి అధ్యాయం చివర్లో తెలుస్తుంది. "ఇంకా నేర్చుకున్నాక చెప్తాను" అని ఆగేవాళ్లు ఆ అధ్యాయాన్ని మళ్లీ చదవాలి. మార్కు 5లో దయ్యాలు వదిలిన మనిషి యేసు వెంట వస్తానని బతిమాలినా, ఆయన రానివ్వలేదు. ఇంటికి పోయి నీ వాళ్లకు చెప్పు అన్నాడు.

ఇక ఒకే కథను వేరువేరు మనుషులకు ఎట్లా చెప్పాలో పౌలు దగ్గర నేర్చుకోవాలి. విశ్వాసులను పట్టుకోవడానికి పోతుంటే దమస్కు దారిలో యేసు ఎదురై తనను మార్చిన సంగతి బైబిల్‌లోని అపొస్తలుల కార్యములలో మూడుసార్లు వస్తుంది, 9లో లూకా రాసినట్టు, 22, 26 అధ్యాయాల్లో పౌలు నోటితోనే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. 22లో ఎదురుగా ఉన్నది యెరూషలేములో కోపంతో ఉన్న సొంత జనం. పౌలు వాళ్ల భాషలో మొదలుపెడతాడు, వాళ్ల గురువు గమలియేలు పాదాల దగ్గర చదువుకున్నానంటాడు, దమస్కులో తన దగ్గరికి వచ్చిన అననీయ ధర్మశాస్త్రం ప్రకారం భక్తిపరుడని, అక్కడి యూదులందరి దగ్గర మంచి పేరున్నవాడని పనిగట్టుకొని చెప్తాడు. 26లో ఎదురుగా ఉన్నది అగ్రిప్ప రాజు, రోమా అధిపతి ఫేస్తు. అక్కడ అననీయ పేరే ఎత్తడు. దాని బదులు 22లో లేని మాట ఒకటి వస్తుంది, మునికోలలకు ఎదురు తన్నడం నీకు కష్టం అని. మునికోల అంటే ఎద్దును అదిలించే ముల్లుగర్ర. నాగలి పట్టినవాళ్లకు దీని అర్థం చెప్పాల్సిన పని లేదు. ఎద్దు వెనక్కి తన్నినకొద్దీ ముల్లు ఇంకా దిగుతుంది. నేను బస్సెక్కకుండా తప్పించుకు తిరిగిన ఆ రెండు రోజులు సరిగ్గా అదే.

పౌలు అబద్ధం చేర్చలేదు. జరిగిందాంట్లో ఎవరికి ఏది దగ్గరో దాన్ని ముందుకు తెచ్చాడు. అయినా 22లో జనం వింటూ వింటూ, యూదులు కాని అన్యజనుల మాట వచ్చేసరికి అరిచి ఆపేశారు. బాగా చెప్పినా వినకపోవచ్చు. ఆ భారం మనది కాదు.

మన దగ్గరి సంగతి ఒకటి. కాజీపేట నుంచి ఖమ్మం వైపు పోయే రైలు మహబూబాబాద్ దాటాక దోర్నకల్‌లో ఆగుతుంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు వి.ఎస్. అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తెలుగు నేర్చుకొని మన ఊర్ల వెంట తిరిగారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లను తమ తల మీద చెయ్యి పెట్టుకొని, నేను బాప్తిస్మం పొందినవాణ్ని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ (అంటే కీడు) అని పలికించేవారు. వాళ్లలో ఎక్కువమంది అక్షరం రాని మాల, మాదిగ కూలీలు. సువార్త చెప్పే పని పాదిరికి, ఉపదేశికి మాత్రమే వదిలేయకుండా నాట్లేసే అమ్మ చేతిలో పెట్టారాయన. అదే అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని తెల్లవాళ్ల మొఖం మీదే అడిగారు. నేను ముందు వినమని వారం రోజులు మిమ్మల్ని ఆపింది ఇందుకే. స్నేహం లేకుండా చెప్పే సువార్త పైనుంచి పడేసినట్టు ఉంటుంది.

కొన్ని హద్దులు కూడా చెప్పాలి. ఎదుటివాళ్ల దేవుళ్లను ఒక్క మాట అనకూడదు. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు ఆ పట్టణపు కరణమే లేచి, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించలేదు అని పౌలు మనుషుల తరఫున చెప్పాడు. మీ వాడలో మీ గురించి అట్లా చెప్పేవాళ్లు ఉండాలి. మేడారం జాతరకు పోయివచ్చిన పక్కింటి వదినె బంగారం, అంటే అక్కడి ప్రసాదం బెల్లం, తెచ్చి చేతిలో పెట్టబోతే, తినడం తినకపోవడం మీ మనస్సాక్షి, కానీ మొఖం చిట్లించకండి. "మంచిగ పోయొచ్చిండ్రా వదినె, పిల్లలు బాగున్నరా" అని ముందు అడగండి. జబ్బు నయమైన కథ చెప్తే డాక్టరు సంగతి, గోలీల సంగతి కూడా చెప్పాలి. మందులు మానమని ఎవరికీ చెప్పకూడదు. డబ్బు, బియ్యం, బడి సీటు లాంటివి సాక్ష్యంతో ముడిపెట్టకూడదు. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది, ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. అది తన విశ్వాసాన్ని వివరించే హక్కే తప్ప ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఇందులో ఇబ్బందేమీ కనిపించదు. మనిషి మనసు మార్చడం ఎప్పుడూ మన చేతిలో లేదు.

చెప్పడం అయ్యాక ఊకుండాలి. "మరి నువ్వు కూడా..." అని మొదలుపెట్టొద్దు. నేను నా గట్టు కథ ఒక ఆటో అన్నకు చెప్తే, ఆయన హంటర్ రోడ్డు దాకా ఏమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "మా అక్కతోని నాకు గట్లనే ఉన్నది" అన్నాడు. నేను గనక మధ్యలో మాట్లాడి ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

ఈ వారం పని. మీ కథ ఒకటిన్నర పేజీలో రాయండి, ఇంట్లో మాట్లాడే యాసలోనే. రాశాక మందిరం మాటల కింద గీత గీసి, ఒక్కోదాని బదులు జరిగిన పని రాయండి. తర్వాత మందిరానికి రాని ఎవరికైనా చదివి వినిపించి, ఎక్కడ సమజ్ కాలేదో అడగండి. చివరగా మీతో ఆ రోజులు బతికినవాళ్లకు, అంటే భార్యకో, తల్లికో, అన్నకో వినిపించండి. "గట్ల కాలే" అని వాళ్లన్న చోట దిద్దండి. నేను మొదట మూడేండ్లని రాసుకుంటే, మా ఇంటామె ఆరని చెప్పింది.

రాసేటప్పుడు కుడి పేజీలోనే రాయండి, ఎడమ పేజీ ఖాళీగా ఉంచండి. విన్నవాళ్లు అడిగిన ప్రశ్నలు అక్కడ వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. "దేవుండ్లందరు ఒక్కటే గదనే" అన్నది తప్పకుండా వస్తుంది. అయిదో పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.