పీఎఫ్ పింఛను దరఖాస్తు వెనక్కొచ్చిందా? ముందు సర్వీసు లెక్క తీయండి

పీఎఫ్ ఆఫీసు కౌంటర్ నుంచి దిగులుగా తిరిగొచ్చే పెద్దవాళ్లలో చాలామందికి పింఛను అర్హత ఉంది. లేనిదల్లా కంప్యూటర్‌లో సరైన వివరం. స్పిన్నింగ్ మిల్లు టైమ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. రిటైరైనా ఇప్పటికీ జనం కాగితాల సంచి పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. సంచిలో అన్నీ ఉంటాయి, ముందుగా చూసుకోవాల్సిన ఒక్క పేజీ తప్ప. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరు) పోర్టల్‌లో లాగిన్ అయితే 'వ్యూ' కింద సర్వీస్ హిస్టరీ అని ఉంటుంది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది ఆ పేజీలోనే ఉంటుంది. పింఛను దరఖాస్తు అయిన ఫారం 10డి నింపే ముందు దాన్ని ప్రింట్ తీయండి. దయచేసి ఈ పని దాటేయకండి.

ఈ వివరాలన్నీ ప్రైవేటు ఉద్యోగులకు వచ్చే ఈపీఎస్-95 పింఛను గురించే. సచివాలయంలోనో మండలాఫీసులోనో ఇచ్చే వృద్ధాప్య, వికలాంగ పింఛన్ల దారి వేరు.

సమస్య: పేరు, పుట్టిన తేదీ సరిపోలలేదని తిరస్కరించారు

ఆధార్, పీఎఫ్ రికార్డు, బ్యాంకు పాస్‌బుక్ మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. ఆడవాళ్లకైతే ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు ఉంటుంది. దీన్ని జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ ఫారంతో సరిచేసుకోవాలి. 2017 అక్టోబరు 1 తర్వాత యూఏఎన్ వచ్చి, ఆధార్‌తో సరిపోల్చినవాళ్లు చాలా మార్పులు సొంతంగా ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చు. అంతకుముందు వచ్చినవాళ్లకు కంపెనీ ధ్రువీకరణ కావాలి. రిటైరయ్యే వయసువాళ్లు ఎక్కువగా ఈ రెండో రకమే. అందుకే కంపెనీలో ఉండగానే చేయించుకోండి. బయటికొచ్చాక ఆ సంతకం కోసం తిరగడం చాలా కష్టం.

పుట్టిన తేదీకి ఆధార్ రుజువుగా పనికిరాదు. 2024 జనవరిలో దాన్ని ఆ జాబితా నుంచి తీసేశారు. పదో తరగతి మార్కుల మెమో గానీ పుట్టిన సర్టిఫికెట్ గానీ తీసుకెళ్లండి.

సమస్య: ఫారం అసలు ముందుకే వెళ్లడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మానేసిన తేదీ పడలేదు. కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత 'మార్క్ ఎగ్జిట్' ద్వారా మీరే వేసుకోవచ్చు. తేదీ మాత్రం తొందరపడి కొట్టకండి. పాత కంపెనీలో మానేసిన తేదీ, కొత్త కంపెనీలో చేరిన తేదీ దాటి ఉంటే ఒకే రోజుల్లో రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. ఫైలు అక్కడే ఆగిపోతుంది.

సమస్య: "పదేళ్ల సర్వీసు లేదు, పింఛను రాదు, 10సి పెట్టుకుని డబ్బు తీసుకోండి" అన్నారు

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక కుటుంబానికి నా వల్ల జరిగిన నష్టం ఇందులోనే ఉంది.

మా మిల్లులో రింగ్ ఫ్రేమ్ మీద ఒకాయన పనిచేసేవారు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. 58 నిండి దిగిపోయే నాటికి ఆయనకు మా దగ్గర సర్వీసు ఎనిమిదేళ్ల చిల్లర. "బాబాయ్, ఇంతకుముందు ఎక్కడైనా పనిచేశావా?" అని అడిగాను. "చేశాను బాబూ, వేరే మిల్లులో. అది మూతపడింది. అక్కడి పీఎఫ్ అప్పుడే తీసేసుకున్నా" అన్నారు. ఆ మాటతో ఆ సర్వీసు పోయిందనే అనుకున్నాను. పదేళ్లు లేవు కాబట్టి, పింఛను సర్వీసును డబ్బుగా తీసుకునే ఫారం 10సి నేనే నింపి ఇచ్చాను. డబ్బు వచ్చింది, అమ్మాయి పెళ్లి అప్పుకు కట్టేశారు. కొన్ని నెలల తర్వాత పిన్ని ట్రంకుపెట్టెలో దొరికిన పాత కాగితాలు తెచ్చింది. పాత మిల్లు మూసినప్పుడు ఆయన పెట్టింది పీఎఫ్ డబ్బు తీసే ఫారం 19 ఒక్కటే. 10సి పెట్టనే లేదు. అంటే అక్కడి అయిదేళ్ల పింఛను సర్వీసు అన్నాళ్లూ అలాగే బతికే ఉంది. రెండూ కలిపితే పదమూడేళ్లు. జీవితాంతం నెల నెలా పింఛను, ఆయన తర్వాత పిన్నికి. నేను నింపిన 10సితో అదంతా పోయింది. ఆఫీసుకు ఎన్నిసార్లు వెళ్లినా, సెటిల్ అయిపోయిన దాన్ని వెనక్కి తిప్పలేమనే చెప్పారు.

ఈ తిరకాసు అందరికీ అర్థం కావాలి. మన జీతంలోంచి పోయే 12 శాతం మొత్తం పీఎఫ్‌లో పడుతుంది. కంపెనీ వేసే 12 శాతంలో 8.33 శాతం పింఛను నిధికి వెళ్తుంది. పీఎఫ్ డబ్బు తీసేది ఫారం 19. పింఛను సర్వీసును డబ్బుగా మార్చి తీసేది ఫారం 10సి. ఇవి రెండు వేర్వేరు ఫారాలు. కొన్ని కంపెనీల్లో గుమాస్తాలు రెండింటి మీదా ఒకేసారి సంతకం పెట్టించేవారు, కొన్నిచోట్ల ఒక్కటే పెట్టించేవారు. కార్మికుడికి మాత్రం "పీఎఫ్ తీసుకున్నా" అన్న ఒక్క మాటే గుర్తుంటుంది. కాబట్టి "పీఎఫ్ తీసుకున్నారా?" అని అడక్కండి. "డబ్బు రెండుసార్లు పడిందా, ఒక్కసారే పడిందా?" అని అడగండి. ఆనాటి బ్యాంకు పాస్‌బుక్‌లో పీఎఫ్ డబ్బు, పింఛను విత్‌డ్రాయల్ వేర్వేరు ఎంట్రీలుగా ఉంటాయి. ఒక్కటే ఉంటే ఆశ ఉన్నట్టే.

ఇప్పుడు పని వరస చెబుతాను. ముందు, జీవితంలో చేసిన ఉద్యోగాలన్నీ కాగితం మీద రాయండి. ఆరు నెలలు చేసినది కూడా వదలకండి. యూఏఎన్ వచ్చింది 2014లో. అంతకు ముందు మానేసిన ఉద్యోగాలు సర్వీస్ హిస్టరీలో సాధారణంగా కనపడవు. కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. పాత ఖాతా నంబరు కోసం ఏటా ఇచ్చే పీఎఫ్ స్లిప్పు, జీతం చీటీ, సర్వీసు సర్టిఫికెట్ వెతకండి. మీ దగ్గర లేకపోతే మీతోపాటు అక్కడ పనిచేసినవాళ్ల స్లిప్పు అడగండి. కంపెనీ కోడ్ అందరికీ ఒకటే కాబట్టి సగం పని అయిపోతుంది.

నంబరు దొరికాక ఆ ఖాతా ఏ పీఎఫ్ ఆఫీసు కిందిదో అక్కడ రాతపూర్వకంగా అడగండి: ఈ ఖాతాలో 10సి సెటిల్ అయిందా, లేదా? నోటి మాటతో ఊరుకోకండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి అదే ప్రశ్న అడగండి.

10సి సెటిల్ కాలేదని తేలితే, పాత ఖాతాలో పీఎఫ్ డబ్బు ఇంకా ఉన్నవాళ్లు ఫారం 13తో ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే సర్వీసు కూడా వస్తుంది. పీఎఫ్ తీసేసుకున్నవాళ్లు ఆ పాత ఖాతా మీద 10సి పెట్టాలి. కానీ అందులో డబ్బు కాకుండా 'స్కీమ్ సర్టిఫికెట్' (పింఛను సర్వీసు ఎంతో రాసి ఇచ్చే కాగితం) కావాలని టిక్ పెట్టాలి. ఆ సర్టిఫికెట్‌ను 10డికి జతచేస్తే రెండు సర్వీసులూ కలుస్తాయి. ఒకే ఫారం, ఒకే గడి. అందులో ఏం టిక్ పెట్టారన్నదాని మీద మిగతా జీవితం ఆధారపడి ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక పాస్‌బుక్‌లో పింఛను గడిలో సున్నా చూసి చాలామంది టెన్షన్ పడతారు. అది తప్పు కాదు. పింఛను డబ్బు ఖాతా నుంచి ఖాతాకు కదలదు, సర్వీసు మాత్రమే కదులుతుంది. ఆ సర్వీసు అనెక్షర్ కె అనే కాగితంలో ఉంటుంది. అందులో తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. సున్నా గురించి మర్చిపోండి.

పదేళ్లంటే నిండా పదేళ్లే కానక్కర్లేదు. ఆరు నెలలు, ఆపైన ఉంటే ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదిన్నర ఏళ్లు పది కిందే వస్తాయి. జీతం లేని రోజులను మాత్రం తగ్గిస్తారు. 1971 నాటి కుటుంబ పింఛను పథకంలో ఉన్నవాళ్లకు 1995 నవంబరు 16కు ముందు చేసిన సర్వీసు కూడా కలుస్తుంది, దానికి లెక్క వేరు.

పదేళ్లు ఎలాగూ నిండాయి, పాత నాలుగేళ్ల కోసం ఎందుకు తిరగాలి అనుకోకండి. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే పింఛను వస్తుంది. జీతం పరిమితి 15,000. ఆ లెక్కన ఒక్క ఏడాది సర్వీసు నెలకు 214 రూపాయలు. 2014 సెప్టెంబరుకు ముందు కాలానికి పరిమితి 6,500 కాబట్టి ఏడాదికి దాదాపు 93 రూపాయలు. బతికినన్నాళ్లూ వచ్చే డబ్బు ఇది. పైగా 20 ఏళ్లు నిండితే రెండేళ్లు అదనంగా కలుపుతారు.

ఇంకా 58 రాని చిన్నవాళ్లకు ఒక మాట. ఉద్యోగం మారినప్పుడల్లా 10సి డబ్బు తీసుకోకండి. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి, లేదా ట్రాన్స్‌ఫర్ పెట్టండి. పదేళ్ల సర్వీసు ఉండి ఆ సర్టిఫికెట్ తీసుకున్న మనిషి 58 లోపు పోయినా భార్యాబిడ్డలకు పింఛను వస్తుంది.

సమస్య: 58 దాటినా ఉద్యోగంలో కొనసాగారు, ఇప్పుడు దరఖాస్తు ఆగింది

58 నిండగానే సాధారణంగా పింఛను నిధికి చందా ఆగిపోవాలి. కొన్ని కంపెనీలు చూసుకోకుండా వేస్తూనే ఉంటాయి. ఆ అదనపు డబ్బును మీ పీఎఫ్ ఖాతాలోకి మార్పించేదాకా పింఛను ఫైలు కదలదు. మార్చాల్సింది కంపెనీ. 58 నిండిన నెల జీతం చీటీ పట్టుకుని జీతాల సెక్షన్‌లో ఆ నెలే అడగండి.

సమస్య: ప్రమాదమో జబ్బో వచ్చి పని చేయలేని స్థితి, వికలాంగ పింఛను రాదన్నారు

ఇక్కడ మొదట జరిగే పొరపాటు రాజీనామా. కంపెనీ వాళ్లు "రిజైన్ చేసి సెటిల్‌మెంట్ తీసుకో" అంటారు, ఇంట్లోవాళ్లు భయపడి సంతకం పెట్టిస్తారు. వైకల్యం ఉద్యోగంలో ఉండగా వచ్చిందన్నదే ఈ పింఛనుకు పునాది. మానేసిన కారణం గడిలో రాజీనామా అని పడితే, తర్వాత అది తప్పని రుజువు చేయడం మీ నెత్తిన పడుతుంది. ఆ గడిలో 'శాశ్వత వైకల్యం' అనే కారణం విడిగా ఉంది. అదే వేయమని రాతపూర్వకంగా అడగండి.

దీనికి పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, 58 ఏళ్లూ అక్కర్లేదు. ఒక్క నెల పింఛను చందా పడి ఉంటే చాలు. ప్రమాదం డ్యూటీలోనే జరగాలని కూడా లేదు. సెలవు రోజు ఇంటి దగ్గర పడినా వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక ఎందరో దరఖాస్తే పెట్టరు. కానీ వైకల్యం శాశ్వతంగా, సంపూర్ణంగా ఉండాలి, అంటే అప్పటివరకు చేయగలిగిన ఏ పనీ ఇక చేయలేకపోవాలి. దాన్ని తేల్చేది పీఎఫ్ ఆఫీసు పంపే మెడికల్ బోర్డు. సదరం సర్టిఫికెట్‌లోని శాతం చూసి ఇచ్చే పింఛను కాదిది. సదరం కాగితం చేతిలో ఉంటే జతచేయండి, అది చాలనుకుని బోర్డుకు వెళ్లడం మానకండి. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ కాగితాలు అన్నీ తీసుకెళ్లండి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు అక్కడి వైకల్య ప్రయోజనానికి ఈఎస్ఐ ఆఫీసులో విడిగా పెట్టుకోవాలి. ఒకచోట పెడితే రెండోచోటికి దానంతటది పోదు.

సమస్య: కంపెనీ మూతపడింది, 10డి మీద సంతకం పెట్టేవారు లేరు

మీ ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే తీసుకుంటారు. భార్యాభర్తల జాయింట్ ఫొటోలు మర్చిపోకండి.

సమస్య: వస్తున్న పింఛను ఆగింది

చాలావరకు కారణం లైఫ్ సర్టిఫికెట్ గడువు అయిపోవడమే. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది, నవంబరు దాకా ఆగాల్సిన పని లేదు. వేలిముద్రలు పడకపోతే ఫోన్లో ముఖం చూపించి కూడా ఇవ్వచ్చు.

సొంత పీఎఫ్ ట్రస్టు ఉన్న పెద్ద కంపెనీల కేసులు, ఎక్కువ జీతం మీద అధిక పింఛను కేసులు ఇక్కడ చెప్పలేదు. అలాంటివి ఉంటే కంపెనీ జీతాల సెక్షన్‌లోనూ పీఎఫ్ ఆఫీసులోనూ కనుక్కోవాలి.

అన్నీ సరిగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో తేల్చాలని నిబంధన. అది దాటితే ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు వేసి ఆ నంబరు రాసిపెట్టుకోండి. ప్రతి నెలా 27న 'నిధి ఆప్కే నికట్' పేరుతో జిల్లాల్లో అధికారులే కూర్చుని ఫిర్యాదులు వింటారు. సర్వీస్ హిస్టరీ ప్రింటు, పాత స్లిప్పులు, తిరస్కరించిన కారణం ఉన్న కాగితం, ఫిర్యాదు నంబరు ఒకే ఫైలులో పెట్టుకుని పొద్దున్నే వెళ్లండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. జిరాక్సులు ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని రండి.