అండమాన్ స్నార్కెలింగ్‌కి బెజవాడలోనే తయారవ్వండి

స్నార్కెలింగ్ అంటే కళ్లకీ ముక్కుకీ మాస్క్, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని, నీటిపైన తేలుతూ అడుగున ఉన్నవి చూడ్డం. హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఎలిఫెంట్ బీచ్‌కి పడవెక్కే ముందు ఇక్కడే కాస్త సాధన చెయ్యండి. మాస్క్ కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేతులు వదిలేసినా అతుక్కుని ఉంటే అదే మీ సైజు. మా బావగారికి మీసం సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉండేవి. ముక్కు కింద సన్నగా గీసుకున్నాక ఆగాయి.

స్విమ్మింగ్ పూల్‌లో నడుము లోతున నిలబడి మొహం ముంచి, నోటితోనే నిదానంగా ఊపిరి తీసుకోవాలి. గొట్టంలోకి నీళ్లొస్తే గట్టిగా ఒక్క ఊదు ఊదండి, పోతాయి. పిల్లలకి ఇది వచ్చేదాకా సముద్రం ఊసే వద్దు. భవానీ ద్వీపం దగ్గర కృష్ణలో మాత్రం దిగొద్దు, నిలకడగా కనిపించే నీళ్లని నమ్మలేం.

వాంతుల మాత్ర డాక్టర్నడిగి బోటు ఎక్కకముందే వేసుకోండి. వీపు మాడకుండా పొడుగు చేతుల టీషర్టు, ఈత వచ్చినా లైఫ్ జాకెట్. పగడాలు ప్రాణమున్నవి, వాటి మీద కాలు మోపకండి.