బరువు తగ్గడానికి రోజూ ఒకే రకం భోజనం: ఎలా అమలు చేయాలి?

రోజూ ఒకే రకం భోజనం చేస్తే బరువు తగ్గుతామన్న మాటలో నిజం ఉంది గాని, అది ఆ భోజనంలోని మహిమ వల్ల కాదు. ఒక రుచితో ఆకలి తీరినా, మరో రుచి ఎదురైతే మళ్ళీ తినాలనిపించడం మనిషి స్వభావం. పెళ్ళి విందులో కడుపు నిండాక కూడా బొబ్బట్టు తినగలగడం అందుకే. వంటకాలు మారకపోతే ఈ ప్రేరణ తగ్గుతుంది, ఒకసారి సరిచూసుకున్న కొలత ప్రతిరోజూ పనికివస్తుంది. కాబట్టి ఈ పద్ధతిలో స్థిరంగా ఉండవలసింది అన్నం, పప్పు, కూర, పెరుగు అనే భోజన చట్రం, వాటి కొలత మాత్రమే. కూరగాయ మారవచ్చు, మారాలి కూడా.

మధుమేహానికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడుతున్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని సలహా లేకుండా దీనిని మొదలుపెట్టకూడదు. అన్నం తగ్గించి మందు మోతాదు అలాగే ఉంచితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

1. ఇప్పుడు తింటున్నది రాసుకోండి. ఒక వారం పాటు ఏమీ మార్చకుండా, కాఫీలో చక్కెరతో సహా అన్నీ రాయండి. ఇంట్లో ఎలాగూ వండుతున్న వంటకాలు ఏవో దీనివల్ల తెలుస్తుంది. మీ భోజనాన్ని వాటిలో నుంచే ఎంచుకోవాలి. ఎన్నడూ తినని ఓట్స్‌తో మొదలుపెట్టినవారు నెల తిరగకుండానే మానేయడం మామూలే.

2. మధ్యాహ్న భోజనాన్ని ముందు స్థిరపరచండి. మన ఇళ్ళలో అన్నం మారు వడ్డించుకునేది ఆ పూటే కనుక అసలు తేడా అక్కడే వస్తుంది. ఉదాహరణకు 60 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో చేసిన ఆకుకూర పప్పు, 200 గ్రాముల బీరకాయ లేదా సొరకాయ కూర, 100 గ్రాముల పెరుగు తీసుకుని, అన్నిటికీ కలిపి రెండు చిన్న చెంచాల నూనె వాడితే సుమారు 500 క్యాలరీలు అవుతుంది. బంగాళదుంప, చేమదుంప, కంద వండిన రోజున వాటిని కూరలో కాక అన్నం వాటాలో లెక్కించి, ఆ మేరకు అన్నం తగ్గించుకోవాలి. ఉదయానికి రెండు పెసరట్లు, రాత్రికి రెండు పుల్కాలు, కూర, ఉడికించిన గుడ్లు సరిపోతాయి. గుడ్డు తిననివారు పప్పు గాని పెరుగు గాని పెంచుకోవచ్చు.

3. పచ్చివిగా ఉన్నప్పుడే తూచండి. వండిన అన్నం బరువు పోసిన నీటిని బట్టి మారిపోతుంది. బియ్యం బరువు మారదు. ఇంటిల్లిపాదికీ ఒకే కుక్కరులో వండుతున్నా, మీ వాటా బియ్యాన్ని విడిగా చిన్న గిన్నెలో పెడితే చాలు. ఇక నూనె. బియ్యాన్ని ఎంతో శ్రద్ధగా తూచేవారు కూడా పోపులో నూనెను కంటి అంచనాతో పోస్తారు. 5 మిల్లీలీటర్ల చెంచా నూనెలో సుమారు 40 క్యాలరీలు ఉంటాయి గనుక, నాలుగు చెంచాలు అదనంగా పడితే తగ్గించిన అన్నమంతా దాదాపు వృథా అయినట్టే. సీసా వంచి పోయడం మాని, చెంచాతోనే కొలవండి.

4. చట్రం మార్చకుండా సరుకు మార్చండి. ఏడాది పొడవునా ఒకే కూర తింటే కొన్ని పోషకాలు లోపించే అవకాశం ఉంది. పాలకూర, తోటకూర, గోంగూరలను వంతులవారీగా వండుకోండి. కందిపప్పు బదులు కొన్ని రోజులు పెసరపప్పు వాడండి. తూకం మాత్రం అదే ఉండాలి.

5. పండుగలకు, పెళ్ళిళ్ళకు ముందే చోటివ్వండి. ఆ పూట విందు తినండి, తరువాతి పూట మామూలు భోజనానికి తిరిగి రండి. విందు తిన్నామని మరునాడు పస్తుండడం మంచిది కాదు. సాయంత్రానికి ఆకలి పెరిగి చిరుతిళ్ళ మీదికి మనసు పోతుంది.

6. వారానికి ఒకసారి బరువు చూసుకోండి. ఉదయం, ఏమీ తినకముందు చూడాలి. ఉప్పు ఎక్కువైన ఆవకాయ తిన్న మరునాడు ఒంట్లో నీరు నిలిచి బరువు పెరిగినట్టు కనిపించవచ్చు. అది కొవ్వు కాదు. వారానికి అర కిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే. నాలుగు వారాలు గడిచినా కదలిక లేకపోతే ముందు నూనెను, చక్కెరను, ఆ తరువాత మాత్రమే బియ్యాన్ని 10 గ్రాముల చొప్పున తగ్గించండి. పప్పునూ పెరుగునూ ముట్టుకోవద్దు. నీరసం, కళ్ళు తిరగడం, జుట్టు విపరీతంగా రాలడం కనిపిస్తే ఆహారం తగ్గించడం ఆపి వైద్యుణ్ణి కలవండి.