తిరుపతి ఎండల్లో తొలి రీఫ్ ట్యాంకు: ముందు నీళ్లు, తర్వాత చల్లదనం, చివరికే చేపలు

చెన్నై కొళత్తూరు అంగళ్లలో క్లౌన్ చేపల జత కంటికి నచ్చి, కవర్లో కట్టించుకుని వచ్చాక మొదలుపెట్టే ఉప్పునీటి ట్యాంకు నిలవడం కష్టం. పగడాలూ చేపలూ కలిసి ఉండే ఈ ఉప్పునీటి రీఫ్ ట్యాంకుకు తిరుపతిలో రెండు గండాలు: 40 డిగ్రీలు దాటే మే నెల ఎండ, బోరు నీళ్లలోని ఖనిజాలు. ఈ రెండింటికీ డబ్బు పక్కన పెట్టాకే గాజు కొనండి. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ 'తర్వాత' ఏప్రిల్‌లోనే వచ్చేస్తుంది.

మొదటి ట్యాంకుకు 90 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు సరిపోతుంది. నిండా పోస్తే 182 లీటర్లు. రాయి, ఇసుక ఆక్రమించేది, పైన వదిలే ఖాళీ తీసేస్తే ఉండే నీళ్లు 150 లీటర్ల దాకా. ఇంతకంటే చిన్నది చవకే, కానీ చిన్న ట్యాంకులో వేడీ ఉప్పూ గంటల్లో మారిపోతాయి. 10 మి.మీ. గాజుతో ఖాళీ ట్యాంకే 40 కిలోలు. నీళ్లు, రాయి, ఇసుక కలిపితే రెండు వందల ఇరవై కిలోలకు తగ్గదు. అందుకే పాత టీవీ బల్ల మీద పెట్టకండి. స్టాండుకు మెరైన్ ప్లైవుడ్ గానీ అల్యూమినియం గానీ మేలు. ఇనుమైతే ఉప్పు తుంపర్లకు ఏడాదిలోనే తుప్పు మొదలవుతుంది. పడమటి గోడ, కిటికీ ఎండ, వంటగది పక్క, మూడూ పనికిరావు.

పూజగది పక్క కూడా వద్దు. సాంబ్రాణి, అగరుబత్తి పొగను ఎయిర్ పంపు నేరుగా నీళ్లలోకి లాగుతుంది. దోమల లిక్విడ్, స్ప్రేలలోని పైరెథ్రాయిడ్ మందులు రొయ్యలకూ చేపలకూ విషం. ట్యాంకు ఉన్న గదిలో దోమతెరే వాడండి. నీళ్లు పోయడానికి రాగి చెంబు, ఇత్తడి బిందె, ఇత్తడి కుళాయి అసలు తగలకూడదు. నీళ్లలోకి దిగే రాగి చాలా కొద్దిదైనా నత్తలను, రొయ్యలను, పగడాలను చంపేస్తుంది. అన్నిటికీ ప్లాస్టిక్కే.

ఇక నీళ్లు. కుళాయి నీళ్లయినా బోరు నీళ్లయినా నేరుగా పోయకూడదు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లను నమ్మవద్దు, తాగడానికి బాగున్నంత మాత్రాన వాటి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) సున్నా కాదు. ఇంటి ఆర్‌ఓ యంత్రంలో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే గొట్టం ఉంటుంది. దానికి ముందే పాయ తీసి, మిగిలిన ఖనిజాలను పట్టేసే డీఐ రెసిన్ కార్ట్రిడ్జ్ గుండా పంపి, చివర టీడీఎస్ మీటరు 0 చూపించాకే పట్టుకోండి. అంకె 2, 3కు చేరగానే రెసిన్ మార్చాలి. ఇది దాటేసినవాళ్ల ట్యాంకుల్లో మూడో నెలకల్లా ఆకుపచ్చ నాచు వెంట్రుకల్లా పెరుగుతుంది. దానికి మందు వెతుకుతారు గానీ, కారణం నీళ్లలో వచ్చిన నైట్రేటు, ఫాస్ఫేటు.

తూపిలిపాళెం దగ్గర సముద్రం ఉంది కదా, అక్కడి నీళ్లే తెచ్చుకుంటే పోదా అనిపిస్తుంది. ఒడ్డు నీళ్లలో ఈశాన్య రుతుపవనాల వానలకు ఉప్పు శాతం పడిపోతుంది, బురదా మురుగూ కలుస్తాయి. పులికాట్ నీళ్లు మరీ మారిపోతుంటాయి. కాబట్టి రీఫ్ ఉప్పు కొనండి. వంట ఉప్పు, కళ్లుప్పు పగడాలకు పనికిరావు, వాటిలో కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు. లీటరుకు 36 నుంచి 38 గ్రాముల లెక్కన 150 లీటర్లకు ఐదున్నర కిలోల పైచిలుకు పడుతుంది. ఆహారానికి వాడే రకం ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. తారుమారు చేస్తే కాల్షియం తెల్లటి పిండిలా అడుగున పేరుకుని వ్యర్థమవుతుంది. పంపు పెట్టి ఒక రోజంతా తిప్పాక ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడండి: 35 పీపీటీ (వెయ్యి గ్రాముల్లో 35 గ్రాముల ఉప్పు), అంటే సాపేక్ష సాంద్రత 1.026. ఆ పరికరాన్ని మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతోనే సరిచూడాలి. మిగిలిన ఉప్పును గాలి చొరని డబ్బాలో పెట్టండి. నవంబరు చెమ్మకు ఉప్పు గట్టిపడితే తూకం లెక్కలు తప్పుతాయి.

వేడి విషయానికి వద్దాం. ట్యాంకు 25–27 డిగ్రీల మధ్య ఉండాలి. మధ్యాహ్నం 30, తెల్లవారుజామున 26 అన్నట్టు ఊగిసలాడటం ఇంకా చేటు. నీళ్ల మీదకు చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. గది 28 ఉన్న జనవరిలో అది చాలు, గది 36కు చేరే మేలో చాలదు. ఏసీ లేని గదిలో ఈ కొలత ట్యాంకుకు పావు హార్స్‌పవర్ చిల్లర్ తీసుకోండి. పదోవంతు హార్స్‌పవర్‌ది ఎండాకాలమంతా ఆగకుండా తిరిగి కూడా ఓడిపోతుంది. చిల్లర్‌ను స్టాండు అరలో మూసి పెట్టవద్దు. అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది.

ఫ్యాను తిరిగితే రోజుకు మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోవచ్చు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. నాలుగు లీటర్లు తగ్గితే 35 ఉన్నది దాదాపు 36 అవుతుంది. ఆ లోటును డీఐ నీళ్లతోనే పూరించాలి, ఉప్పునీళ్లతో కాదు. ఊరెళ్లే అలవాటున్న ఇంటికి ఆటో టాప్ఆఫ్ (తగ్గిన నీళ్లను తానే నింపే పరికరం) తప్పనిసరి.

మిగతా సామాను త్వరగా చెప్పుకోవచ్చు. ట్యాంకు నీళ్లకు ఇరవై రెట్లు, అంటే గంటకు 3000 లీటర్లు తిప్పేలా, అలలు పుట్టించే రెండు వేవ్‌మేకర్లు. మురికిని నురగతో బయటికి లాగే ప్రోటీన్ స్కిమ్మరు. నీలి, తెలుపు కలిసిన రీఫ్ ఎల్‌ఈడీ, రోజుకు 8 గంటలు, టైమరుతో. కింద రెండడుగుల సంపు (ట్యాంకు నీళ్లు దిగి తిరిగి పైకెళ్లే రెండో తొట్టి) ఉంటే సామానంతా అందులో దాగుతుంది. సంపు పెడితే మొదటి రోజే మెయిన్ స్విచ్ ఆపి చూడండి, పైనుంచి దిగే నీళ్లన్నీ సంపులో పట్టాలి, లేకుంటే మొదటి కరెంటు కోతకే గది తడుస్తుంది. ప్రతి వైరూ సాకెట్టు కంటే కిందికి వంగి పైకి వెళ్లాలి, లైనులో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఉప్పునీళ్ల దగ్గర ఇందులో బేరం లేదు. ఇంటి ఇన్వర్టరుకు ఒక వేవ్‌మేకరును కలపండి. చిల్లర్ గంట ఆగినా చేపలు ఓర్చుకుంటాయి, నీళ్లు కదలకపోతే ప్రాణవాయువు అందక పోతాయి. ఫ్రిజ్‌లో రెండు నీళ్ల బాటిళ్లు గడ్డకట్టించి ఉంచితే వేసవి కోతల్లో మూతతోనే ట్యాంకులో తేల్చవచ్చు.

రాళ్లు కొనేటప్పుడు చట్టం గుర్తుండాలి. రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు 2001లోనే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి చేరాయి. 'లైవ్ రాక్' పేరుతో అమ్మేది చాలాసార్లు పగడపు అస్థిపంజరమే, దాన్ని తీయడం వల్ల కూడా మన్నార్ సింధుశాఖలాంటి చోట్ల దిబ్బలు దెబ్బతిన్నాయి. సిరామిక్‌తో చేసిన, బాగా రంధ్రాలున్న రాయి 12–15 కిలోలు చాలు. ఇసుక మూడు సెం.మీ. మందాన పరవడానికి అరగనైట్ (కాల్షియం కార్బొనేటు ఇసుక) 18 కిలోలు. స్వర్ణముఖి ఇసుక వద్దు, అది సిలికా. రాళ్లు గాజు అడుగున నిలిపి, ఇసుక తర్వాత పోయండి. ఇసుక మీద నిలిపితే అడుగున తవ్వే చేప ఒకటి చాలు గుట్ట కూలడానికి.

ఇప్పుడు ఓపిక పట్టే దశ. చేపల విసర్జన, మిగిలిన మేత నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడాలి. శుద్ధమైన ప్రయోగశాల రకం అమ్మోనియం క్లోరైడు 1 గ్రాము వేస్తే 150 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరకు వస్తుంది. కళాయి పూసేవాళ్ల నవాసారం అదే పదార్థమైనా మలినాలుంటాయి, వాడవద్దు. సీసా బ్యాక్టీరియా కలిపి, లైటు ఆపి, రెండు రోజులకోసారి పరీక్షించండి. వేసిన 2 పీపీఎం ఒక్క రోజులో సున్నా కావాలి, నైట్రైటూ సున్నా కావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు అద్దంలా ఉన్నాయని రెండో వారంలోనే చేపలు వేయడమే తొలి ట్యాంకుల్లో చావులకు పెద్ద కారణం. సైకిల్ (బ్యాక్టీరియా స్థిరపడే ఈ దశ) పూర్తయ్యాక సగం నీళ్లు మార్చి లైటు వేయండి. గోధుమరంగు పొడి పరుచుకుంటుంది. అది డయాటమ్ అనే సూక్ష్మ నాచు, దానంతటదే పోతుంది, మందు పోయకండి. నాలుగైదు టర్బో, ట్రోకస్ నత్తలను దించండి.

చేపల్లో మొదట హేచరీలో పుట్టిన ఓసెల్లారిస్ క్లౌన్ జత. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు క్లౌన్ చేపల పెంపకం సాధించారు కాబట్టి సముద్రంలో పట్టినవి అడగాల్సిన పని లేదు. నెలకు ఒకటి చొప్పున ఒక గోబీ, ఒక క్లీనర్ రొయ్య, ఇక్కడితో ఆపండి. టాంగ్ చేపకు ఈ ట్యాంకు ఇరుకు, మాండరిన్ చేపకు మేత చాలదు, ఎనిమోన్ (క్లౌన్ చేపలు ఆశ్రయించే జీవి) ఏడాది దాటాకే. ప్రతి చేపనూ ముందు 40 లీటర్ల వేరే టబ్బులో నెల రోజులు ఉంచండి. తెల్లమచ్చ రోగం వస్తే రాగి మందు అక్కడ వేయగలరు, రీఫ్‌లో వేయలేరు.

చెన్నై నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. కవర్లో అమ్మోనియా పేరుకున్నా, బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ తగ్గి దాని విషం అణిగి ఉంటుంది. కవరు విప్పగానే పీహెచ్ పెరిగి విషం పైకొస్తుంది. అందుకే గంటల తరబడి చుక్కలుగా నీళ్లు కలపకండి. మూసిన కవరును ఇరవై నిమిషాలు తేల్చి, విప్పి ఉప్పు శాతం కొలవండి. తేడా ఒకటి రెండు పీపీటీలే అయితే వెంటనే చేపను మాత్రం మార్చండి, కవరు నీళ్లు పారబోయండి.

వారానికి 15 లీటర్లు మార్చాలి, దానికి 550 గ్రాముల ఉప్పు. క్షారత 8–9 డీకేహెచ్, కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350, నైట్రేటు 5–15, ఫాస్ఫేటు 0.03–0.1 ఉండాలి (డీకేహెచ్ క్షారత కొలమానం, మిగతావి పీపీఎంలలో). ఫాస్ఫేటును సున్నాకు దించాలని పోరాడవద్దు. పగడాలు పాలిపోతాయి, జిగట దారాల్లాంటి డైనోఫ్లాజెల్లేట్లు వస్తాయి.

అక్టోబరులో ట్యాంకు నింపితే ఫిబ్రవరికి మొదటి పగడానికి వేళవుతుంది, ఎండలు ముదిరేలోపు మీ చెయ్యి కూడా కుదురుతుంది. జోయాంథిడ్, మష్రూమ్, లెదర్ రకాల మెత్తటి పగడాలు చాలు. పెంపకంలో కోసిన ముక్కలే అడిగి, బిల్లు తీసుకోండి. మొదటి రెండు వారాలు ఇసుక దగ్గర, అలలు నేరుగా కొట్టని చోట ఉంచండి. లెదర్ నాలుగైదు రోజులు ముడుచుకుని మైనం పూసినట్టు మెరిస్తే కంగారుపడకండి, పైపొర విడుస్తోంది. ఆ పొర ఊడిపోయేలా వేవ్‌మేకరును కాస్త అటు తిప్పండి. కుళ్లు వాసన వచ్చి గోధుమరంగు జిగురు కారితే మాత్రం ఆ రోజే బయటికి తీసేయాలి.