సంఘంలోని యౌవనస్థులకు మెంటర్‌గా తోడు నిలవాలనుకునేవారికి

మన సంఘాల్లో సండే స్కూలుకు టీచర్లు ఉన్నారు, యౌవనస్థుల కూడికలో వాక్యం చెప్పేవారూ ఉన్నారు. అయితే ఇంటర్మీడియట్‌లో చేరాక చదువు సాగక, ఇంట్లో చెప్పుకోలేక లోలోపల నలిగిపోయే కుర్రవాడి పక్కన వారం వారం కూర్చుని అతని మాట వినే పెద్దవారు చాలా చోట్ల కనబడరు. ఆ పనికే మెంటర్ కావాలి.

ముందుగా పాస్టరు గారిని, సంఘ పెద్దలను కలవండి. పిల్లలతో పరిచయం పెంచుకున్నాక చెప్పవచ్చులే అనుకోకండి. మీ గుర్తింపు పత్రం, మీ గురించి తెలిసిన ఇద్దరి పేర్లు, వీలైతే పోలీసు ధ్రువీకరణ, వారు అడగకపోయినా మీరే అందజేయండి. జూన్ నుంచి ఏప్రిల్ వరకు ఒక విద్యాసంవత్సరమంతా వారానికి ఒక గంట ఇవ్వగలరో లేదో ఇంట్లో కూర్చుని నిజాయితీగా లెక్క చూసుకున్న తరువాతే మాట ఇవ్వండి. తల్లి కువైట్‌లో పనిచేస్తుండగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు గోదావరి, కడప జిల్లాల సంఘాల్లోనూ, తండ్రి దుబాయ్‌లో ఉన్న పిల్లలు కరీంనగర్, నిజామాబాద్ వైపునా ఉన్నారు. అలాంటి పిల్లలకు రెండు నెలలు దగ్గరై తరువాత కనబడకుండా పోయే మనిషి కంటే అసలు రాని మనిషే మేలు. మొదటి సంవత్సరం ఒక్కరిని, మహా అయితే ఇద్దరిని మాత్రమే ఒప్పుకోండి.

అబ్బాయిలకు పురుషులు, అమ్మాయిలకు స్త్రీలు మెంటర్లుగా ఉండడం మంచిది. మొదటి కలయిక పిల్లల ఇంట్లోనే, తల్లిదండ్రుల ఎదుటే జరగాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు కలుస్తారో వారికి చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆ తరువాత మందిరం వరండాలోనో, తలుపులు తీసి ఉన్న హాలులోనో, మరొక పెద్దవారు కనుచూపు మేరలో ఉండగా కూర్చోండి. బండి మీద ఒంటరిగా ఎక్కించుకు వెళ్లడం, రాత్రిపూట వాట్సాప్‌లో మాట్లాడడం, డబ్బు అప్పుగా ఇవ్వడం వద్దు. మంచి మనసుతో వచ్చినవారికి ఈ కట్టుబాట్లు కష్టంగా తోచవచ్చు గాని, బిడ్డకూ మీకూ కూడా ఇవే రక్షణ.

మొదటి నెల ఉపదేశం జోలికి వెళ్లకుండా వినండి. చివర చిన్న ప్రార్థన చేయాలనుకుంటే అనుమతి అడిగి చేయండి. ఈ కార్యక్రమాలకు ఇతర మతాల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలూ ఉంటారు. వారి చదువుకు మీరిచ్చే సహాయానికి విశ్వాసాన్ని షరతుగా పెట్టడం అన్యాయం.

ఈ పరిచర్యకు అసలైన పరీక్ష, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున ఎదురవుతుంది. ఆ రోజు ఆ ఇంటికి వెళ్లండి. తప్పిన సబ్జెక్టును అదే ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాయవచ్చని, రీకౌంటింగ్‌కు గాని సప్లిమెంటరీకి గాని ఫీజు కట్టే గడువు కొద్ది రోజులే ఉంటుందని ముందే తెలుసుకుని వెళ్లండి. బైబిల్లో, పంఫూలియలో పని విడిచి వెళ్లిపోయిన మార్కు అనే సహచరుణ్ణి మళ్లీ వెంట తీసుకువెళ్లడానికి పౌలు ఒప్పుకోకపోతే, బర్నబా అతణ్ణి తీసుకుని కుప్ర ద్వీపానికి ఓడ ఎక్కాడు. ఆ రోజు మీరు చేయవలసింది బర్నబా పనే. కుర్రవాడు ముభావంగా ఉంటే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, ఇంటివారికి వెంటనే చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రార్థన వైద్యంతో పాటు సాగాలి గాని వైద్యానికి బదులు కారాదు.

ఏ విషయమైనా రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డపై లైంగిక అకృత్యం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. తెలియజేయకపోవడం శిక్షార్హమైన నేరం. సంఘం పరువు పోతుందని లోపలే సర్దుబాటు చేయాలని ఎవరు చెప్పినా వినవద్దు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది.

ఫీజు రీయింబర్స్‌మెంటు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపేటప్పుడు కుల ధ్రువీకరణ పత్రం ప్రశ్న తప్పక వస్తుంది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని, వారి సంతానాన్ని మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీలుగా కాక, వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ)గా పరిగణిస్తారు. ఇది కుటుంబాల్లో లోతైన బాధతో ముడిపడిన విషయం కాబట్టి, మీ అభిప్రాయం రుద్దకుండా, నిర్ణయం వారికే వదిలి, నియమాలు తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోవడానికి తోడు వెళ్లండి.

ఏప్రిల్ వచ్చాక తల్లిదండ్రులతో కలిసి కూర్చుని, కొనసాగాలా వద్దా అని బిడ్డనే అడగండి. పాలిటెక్నిక్‌కో, డిగ్రీకో వేరే ఊరి హాస్టల్‌కు వెళుతుంటే, ఇంటివారి అనుమతితో అక్కడి సంఘ పాస్టరు గారికి ముందుగా ఫోన్ చేసి, వీలైతే మొదటి ఆదివారం వారి కుటుంబంతో పాటు మీరూ వెళ్లి పరిచయం చేసి రండి.