బేరియాట్రిక్ (బరువు తగ్గించే) ఆపరేషన్ అయ్యాక మిద్దె తోటలో ఏం వేసుకోవాలి, ఎంత వేసుకోవాలి

మొక్కలకి నీళ్లు పోసినంత మాత్రాన తగ్గిన బరువు అలాగే ఉండిపోదు, అది వేరే వ్యవహారం. చాలామందికి స్లీవ్ (పొట్టలో చాలా భాగం తీసేసేది) గానీ బైపాస్ (పొట్టని చిన్నది చేసి పేగుకి దారి మళ్లించేది) గానీ అయిన ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత ఆకలి తిరిగొస్తుంది, బరువు చూసే మెషీన్ ముల్లు కూడా మెల్లగా పైకి కదులుతుంది. బిస్కెట్లు, జంతికలు, స్వీట్లు మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఇబ్బంది లేకుండా జారిపోతాయి. ఆ టైంలో వంటింట్లో రోజూ గుప్పెడు లేత కూర రెడీగా ఉంటే ప్లేటులో దాని చోటు దానికి ఉంటుంది. మిద్దె తోట ఇందుకే, అంతకు మించి దాని మీద ఆశలు పెట్టుకోవద్దు.

ఆపరేషన్ డేట్ ఖాయమైందా, మట్టి పని ఆ లోపే ముగించేయండి. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తొద్దంటారు, 12 అంగుళాల గ్రో బ్యాగు తడిసిందంటే 15 కిలోలు దాటిపోతుంది. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా కలిపి బ్యాగుకి గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. చుట్టాల పొలం నుంచి నల్లమట్టి ఫ్రీగా వస్తుందని బస్తాలు ఎక్కించకండి, తడిస్తే ముద్ద, ఎండితే నెర్రెలు, పైగా స్లాబు మీద అదో భారం. బ్యాగుల్ని నడుము ఎత్తు స్టాండు మీద పెట్టుకోండి. బరువు తగ్గే రోజుల్లో బీపీ కూడా తగ్గుతుంది, కింద గొంతుక్కూర్చుని కలుపు తీసి టక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లు డోసు సంగతి డాక్టర్ని అడగండి.

జనం ఎక్కువగా తప్పుచేసేది లెక్క దగ్గర. పూటకి నాలుగు చెంచాల కూర తినే మనిషికి మూడు సొరపాదులు ఎందుకండీ? కాయలు కుప్పపడితే వేపుళ్లు, పచ్చళ్లు మొదలవుతాయి, నూనె రూపంలో కేలరీలు లోపలికొస్తాయి. ఒకరికి ఎనిమిది, పది బ్యాగులు ఎక్కువే: రెండు బీర, ఒక దొండ, రెండు మూడు వంగ మొక్కలు, ఒక పొట్ల, మిగతావి అలసంద, మెంతికూర. దొండ తీగ ముక్క గుచ్చితే వచ్చేస్తుంది, ఏళ్ల తరబడి కాస్తుంది. బీర గింజ ఆపరేషన్‌కి కొద్ది రోజుల ముందు పెడితే, రెండు నెలలకి కాయ దిగేసరికి మీరూ ద్రవాలు, రుబ్బినవి దాటి మెత్తటి కూరల దశకి వచ్చి ఉంటారు. ఏ దశ ఎప్పుడనేది మీ డైటీషియన్ చెప్పిందే లెక్క. గోరుచిక్కుడు, ముదురు బెండ మొదట్లో వద్దు, పీచు అడ్డం పడుతుంది. మునక్కాడ పిప్పి ఎటూ ఊసేస్తాం కానీ నమిలే ఓపిక లేనప్పుడు దాన్నీ వాయిదా వేయండి. టమాటా తొక్క, గింజ తీసి వండుకోండి.

ఆకుకూరల సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. పాలకూర, తోటకూర, చుక్కకూర, బచ్చలి వీటిలో కిడ్నీలో రాళ్లు కట్టించే ఆక్సలేట్లు ఎక్కువ, బైపాస్ అయినవాళ్లకి కిడ్నీ రాళ్ల రిస్కు మామూలు కంటే ఎక్కువ. మానేయమని కాదు, రోజూ వద్దు, ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. గోంగూర అంటారా, గుంటూరులో ఉండి వద్దని ఎవరికి చెప్పగలం? పచ్చడిగా కాకుండా పప్పులో నాలుగు ఆకులు వేసుకోండి. మునగాకు తింటున్నాం కదా అని ఐరన్ మాత్ర ఆపేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. బి12 ఏ ఆకులోనూ ఉండదు, ఐరన్, కాల్షియం, విటమిన్ డి కూడా తోట భర్తీ చెయ్యదు, మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సిందే. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి.

తినేటప్పుడు మన పద్ధతిని తలకిందులు చేయాలి: ముందు ప్రొటీన్, తర్వాత కూర, ఖాళీ ఉంటే అన్నం. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ తగ్గకూడదని సాధారణంగా చెబుతారు, దాన్ని ఒట్టి కూరలతో చేరుకోలేం. అందుకే తోటలో కాసినవాటిని ప్రొటీన్‌తో జత కలపండి. బీరకాయ గుడ్డు, బీరకాయ రొయ్యలు, పెసరపప్పు పొట్లకాయ, ఉడికించిన అలసంద గింజలు, అన్నీ చెంచా నూనెతో అయిపోయేవే. నాకైతే బీరకాయ గుడ్డు ఒక్కటే వారానికి ఎన్ని సార్లయినా ఓకే.

తెల్లదోమ, పేనుబంక వస్తే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. గుంటూరు చుట్టుపక్కల ఎవరింట్లో చూసినా మిర్చికి కొట్టే మందు సీసా మిగిలుంటుంది, ‘రెండు చుక్కలేగా’ అని అది మాత్రం మిద్దె ఎక్కించొద్దు.

ఎండ మొక్కకి కంటే మనకే పెద్ద సమస్య. చిన్న పొట్టలో ఒకేసారి గ్లాసు నీళ్లు పట్టవు, కాబట్టి పనికి పోయేటప్పుడు బాటిల్ వెంట ఉండాలి, గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు గంటలకల్లా కిందికి దిగిపోవాలి. మెంతికూర, కొత్తిమీర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే హాయిగా వస్తాయి, టమాటాకి ఎండ ముదిరితే పూత రాలిపోతుంది. రోహిణి కార్తెలో దొండ, వంగ మొక్కల మీద 50 శాతం షేడ్ నెట్ కట్టి, రెండు పూటలా నీళ్లు పోసి బతికించుకోండి, మిగతా బ్యాగుల్లో మట్టి తిరగేసి ఎండకి వదిలేయండి. మృగశిరలో నాలుగు వానలు పడ్డాక బీర, పొట్ల గింజలు మళ్లీ పెట్టొచ్చు.