బ్రౌజర్‌లో ఓకే, కర్ల్‌లో ఎర్రర్: చెయిన్ ఎక్కడ తెగిందో పట్టుకోవడం

సైట్ క్రోమ్‌లో చక్కగా తెరుచుకుంటోంది, అదే అడ్రస్‌ని లినక్స్ సర్వర్ నుంచి కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో పిలిస్తే మాత్రం 'అన్‌ఏబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్' అంటోందా? చాలాసార్లు సర్వర్‌లో ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పెట్టడం మర్చిపోయి ఉంటారు. మీ సైట్ సర్టిఫికెట్‌ని, క్లయింట్ ముందే నమ్మే రూట్ సర్టిఫికెట్‌తో కలిపే మధ్య లింకు అదే; ఈ వరుసనే చెయిన్ అంటారు. క్రోమ్ అయితే సర్టిఫికెట్‌లో రాసున్న అడ్రస్‌కి వెళ్లి దాన్ని తనే తెచ్చేసుకుంటుంది, కర్ల్‌కీ పైథాన్‌కీ అంత ఓపిక లేదు. కాబట్టి బ్రౌజర్ మాట నమ్మకండి.

సర్వర్ అసలు ఏం పంపుతోందో చూడాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌లో ఎస్-క్లయింట్ కమాండ్‌ని కనెక్ట్, సర్వర్‌నేమ్, షోసర్ట్స్ ఆప్షన్లతో నడపండి. ఐపీతో కనెక్ట్ అవుతుంటే సర్వర్‌నేమ్ తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే అదే ఐపీ మీదున్న ఇంకో సైట్ సర్టిఫికెట్ చూస్తూ గంటసేపు జుట్టు పీక్కుంటారు (నేను పీక్కున్నాను). అవుట్‌పుట్‌లో 0, 1 అని వరుసగా వస్తాయి. ఒక్కోదాని కింద 'ఎస్' అంటే ఎవరిది, 'ఐ' అంటే ఎవరిచ్చింది. 0లో ఉన్న 'ఐ', 1లో ఉన్న 'ఎస్' ఒకటే అవ్వాలి. 0 ఒక్కటే కనిపిస్తే దొంగ దొరికినట్టే. కింద వెరిఫై రిటర్న్ కోడ్ 0 రావాలి, ఇలా మధ్య లింకు లేనప్పుడు 21 వస్తుంది, 10 అంటే గడువు తీరిపోయింది.

సరిచేయడం చిన్న పనే. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే, దానికి సర్ట్‌బాట్ (సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే టూల్) ఇచ్చే సర్ట్ ఫైలు కాకుండా ఫుల్‌చెయిన్ ఫైలు చూపించి రీలోడ్ చేయండి. చేత్తో కలుపుతుంటే ముందు సైట్‌ది, తర్వాత ఇంటర్మీడియట్, రూట్ అక్కర్లేదు. మొదటి ఫైలు చివర కొత్త లైన్ లేకపోతే ఎండ్ గీతలూ బిగిన్ గీతలూ ఒకే లైన్లో అతుక్కుపోతాయి, ఇక ఎన్‌జిన్‌ఎక్స్ ఆ ఫైలు తీసుకోదు.

ఒక్కోసారి తప్పు మీ సర్వర్‌ది కాదు. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల చెయిన్‌లో ఉన్న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ గడువు తీరినప్పుడు, కొత్త రూట్ దగ్గరే ఉన్నా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 పాత దారే పట్టి ఎర్రర్ కొట్టింది. ఆ పాత రూట్‌ని క్లయింట్ నుంచి తీసేస్తే కుదుటపడింది. అందుకే మీ దగ్గరున్న అన్నిటికంటే పాత మెషీన్ నుంచి కూడా ఓసారి కనెక్ట్ చేసి చూడండి.

మీరు రాసిన క్లయింట్‌ని మాత్రం ఉల్టాగా పరీక్షించాలి. బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ సైట్‌లో గడువు తీరినవీ, పేరు కలవనివీ, సగం చెయిన్లూ కావాలనే పెట్టి ఉంచారు. గడువు తీరినదానికి మీ కోడ్ హాయిగా కనెక్ట్ అయిపోయిందంటే, ఎవరో డెడ్‌లైన్ టెన్షన్‌లో వెరిఫై (సర్టిఫికెట్ తనిఖీ) ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయలేదన్నమాట.